వెనక సీటు కొలత

"వెనక ఎవరైనా కూర్చుంటారా మేడమ్?" అని అడిగాడు తెనాలి షోరూమ్‌లో బండ్లు చూపిస్తున్నాయన. అడగటంలో తప్పేమీ లేదు. వెనక మనిషి ఉంటే స్ప్రింగు ఒక రకంగా బిగించి ఇస్తారు, లేకపోతే ఇంకో రకంగా. "ఎవరూ కూర్చోరండి" అన్నాను. ఆయన చేతిలో ఉన్న కాగితం మీద అడ్డగీత ఒకటి పెట్టుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ గీత దగ్గరే ఆగిపోయాను.

నాకు కావలసింది రెండు పనులు చేసే బండి. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే లాబ్‌లో నా ఉద్యోగం. ఏడాదిగా రోజూ రైలెక్కి బాపట్ల వెళ్ళి, గదిలో కూర్చుని సీసాలు పరీక్షించి, మళ్ళీ రైలెక్కి తెనాలి వస్తున్నాను. ఈ నెల నుంచి కర్లపాలెం వైపు చెరువులు నాకు అప్పగించారు. అంటే తెల్లారేసరికి తారు రోడ్డు మీద పోవాలి, ఆపైన చెరువు గట్ల మీద పడాలి. ఇలాంటివాటికి పనికొచ్చే బండ్లని ఇప్పుడు డ్యూయల్ స్పోర్ట్ అంటున్నారు. నా ముందు రెండు పెట్టారు. ఒకటి సన్నగా, ఎత్తుగా, సీటు చెక్కబల్లలా ఉంది. రెండోది వెడల్పుగా, ముందు గాలికి అద్దం, కూర్చుంటే దిగబుద్ధి కానంత మెత్తగా ఉంది. షోరూమ్ ఆయన మనసంతా రెండోదాని మీదే. నేను గంటసేపు దీని మీంచి దాని మీదకి, దాని మీంచి దీని మీదకి ఎక్కి దిగుతూనే ఉన్నాను.

ఇలాంటి విషయాల్లో నేను నా బుర్ర వాడను. రేపల్లె లాబ్‌లో ఇదివరకు నాతో పనిచేసిన ఒకాయన బుర్ర వాడతాను. అందుకని బయటికొచ్చి, చెరుకురసం బండి పక్కన నీడలో నిలబడి ఆయనకి ఫోన్ చేశాను. మాట్లాడి ఏడాది దాటింది. స్విచాఫ్ అని వచ్చింది. రెండోసారీ అంతే. లాబ్‌లో ఉన్నారేమోనని రేపల్లె ఆఫీసుకి చేస్తే, రికార్డులు రాసే ఆవిడ ఎత్తింది.

"నీకు తెలీదా? ఆయన పోయి నెల దాటింది. నిద్రలోనేనంట. నీకెవరూ చెప్పలేదా?"

ఎవరు చెబుతారు? ఆయన పోతే ఫలానా మనిషికి కబురు చెయ్యాలి అనుకోవటానికి, నేను ఆయనకి ఏమవుతానో ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. షోరూమ్ ఆయనతో రేపో ఎల్లుండో వస్తానని చెప్పి ఇంటికి వచ్చేశాను. ఆ పూట అన్నం వండుకోలేదు.

ఆయన పేరు రాయను. పేరు పెట్టి గట్టిగా పిలిస్తే, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు ఉలిక్కిపడే మనిషి. చెరువుల వాళ్ళు ఆయన్ని అట్లకాడ సార్ అనేవారు. నేను బాబాయ్‌గారూ అనేదాన్ని. రేపల్లె లాబ్‌లో నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. పని మాత్రం ఇద్దరిదీ ఒకటే. పొద్దున్నే చెరువులు తిరిగి, నీళ్ళు సీసాల్లో పట్టి, ఐస్ బాక్సులో సర్దుకుని ఎండ ముదరకముందే లాబ్‌లో దింపాలి.

అట్లకాడంటే నిజంగా అట్లకాడే. పిడి విరిగిన చోట తాడు చుట్టిన ఇనప అట్లకాడ ఒకటి ఆయన బండి హ్యాండిల్‌ కింద కట్టి ఉండేది. మా వైపు నల్లమట్టి తడిసిందంటే చక్రానికి అంటుకుంటుంది, అంటుకున్నది మడ్‌గార్డులోకి ఎక్కుతుంది, ఎక్కింది అక్కడే బిగుసుకుంటుంది. ఇక ఎంత పెద్ద ఇంజనైనా ఆ చక్రాన్ని తిప్పలేదు. ఆయన ప్రతి గట్టు చివరా ఆగి, గొంతుక్కూర్చుని, పెనానికి అంటుకున్న అట్టు చిరక్కుండా తీస్తున్నంత శ్రద్ధగా మట్టి గీకేవారు. "సార్, నాకో రెండు, ఉల్లిపాయలు దండిగా వేసి" అని చెరువు మీంచి కేక వచ్చేది. ఆయన తల ఎత్తకుండానే "పిండి పులవలేదండి" అనేవారు. రోజూ అదే కేక, రోజూ అదే జవాబు. ఆ హాస్యం ఎప్పుడు మొదలైందో ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు, మానెయ్యటానికీ ఎవరికీ మనసొప్పలేదు.

రేపల్లెలో ఎవరు బండి కొనాలన్నా ముందు ఆయన దగ్గరకి వచ్చేవారు. బడి మాస్టార్లు, నిజాంపట్నం నుంచి చేపలు తోలే వ్యాపారులు, కరెంటు లైన్‌మన్లు. ఆయన మైలేజీ మాట ఎత్తేవారు కాదు. మూడు ప్రశ్నలు అడిగేవారు. తారు మీద ఎంత దూరం, మట్టి మీద ఎంత దూరం? బండి ఆగితే నీ కాలు ఎక్కడ ఆనుద్ది? పడితే ఎవరు లేపుతారు? మొదటి రెండింటికీ జనం బుద్ధిగా జవాబు చెప్పేవారు. మూడోదానికి నవ్వేవారు. ఎవరో ఒకరు రాకపోరు కదండీ అనేవారు. ఆయన వాళ్ళ మొహంలోకి కాసేపు చూసి, "అయితే మీకు ఏ బండైనా పర్లేదండి" అని పంపించేసేవారు. వాళ్ళు సంతోషపడి వెళ్ళేవారు. ఆ మాటలో నాకు మాత్రం కొంచెం అసూయ వినపడేది.

ఆయన బండి పాతది, కంపెనీ వాళ్ళు చెయ్యటం ఎప్పుడో మానేసిన రకం. ఆయనకి తగ్గట్టే బాగా పొడుగు. సీటు నా నడుము పైకి వచ్చేది. దానికి వెనక కూర్చునేవాళ్ళ ఫుట్‌రెస్టులు విప్పించేశారు. ఎందుకండీ అంటే, "కూర్చునేవాళ్ళు లేనప్పుడు ఊరికే బరువు. మట్టి కూడా పట్టుద్ది" అన్నారు. వెనక సీటు మీద ఐస్ బాక్సు, దానికి రెండు వైపులా సీసాల గోనెసంచులు వేలాడుతుండేవి. ఆయనకి భార్య ఉండేదని, చాలా ఏళ్ళ కిందటే విడిగా వెళ్ళిపోయిందని ఆఫీసులో అనుకునేవారు. నేను అడగలేదు. నా పెళ్ళి తెగిపోయి అప్పటికి రెండేళ్ళు. ఆ సంగతి ఆయనా నన్ను అడగలేదు. అడక్కపోవటం దగ్గరే మా స్నేహం మొదలైందనుకుంటాను.

నేను రేపల్లెలో చేరినప్పుడు నాకున్నది చిన్న చక్రాల స్కూటరు. తెనాలిలో కూరగాయలకి వెళ్ళినట్టే చెరువులకీ వెళ్ళొచ్చనుకున్నాను. ఎండలున్నంత కాలం వెళ్ళాను కూడా. మొదటి వాన పడిన మర్నాడు, ఒక గట్టు మధ్యలో రెండు చక్రాలూ బిగుసుకుపోయాయి. ఒక పక్క చెరువు, ఇంకో పక్క మురుగు కాలవ. బండి ముందుకి రాదు, వెనక్కి పోదు, తిప్పటానికి చోటు లేదు. కూర్చుని ఏడుద్దామన్నా ముందు స్టాండు వెయ్యాలి కదా, వేస్తే స్టాండు మట్టిలో దిగిపోతోంది. బండిని తుంటికి ఆనించుకుని నిలబడే ఏడ్చాను. అప్పుడొచ్చారు ఆయన, అవతలి గట్టు మీంచి. అయ్యో అనలేదు. అట్లకాడ విప్పి నా చేతికిచ్చి, ఎక్కడ గీకాలో చూపించి, బండి పట్టుకుని నిలబడ్డారు. ముప్పావుగంట గీకాను. ఆ ముప్పావుగంటలో ఆయన రెండే మాటలన్నారు, ఇంకొంచెం లోపలికి, ఇంకొంచెం లోపలికి అని.

"నీకు గట్టు బండి కావాలమ్మాయ్" అన్నారు అంతా అయ్యాక.

డ్యూయల్ స్పోర్ట్‌కి ఆయన పెట్టుకున్న పేరు అది. తారు మీద పరిగెత్తి, గట్టు మీద నిలబడే బండి. ఆ ఆదివారం తెనాలి వచ్చారు. పాత బండ్లు అమ్మే చోటికి తీసుకెళ్ళి, వరసలో ఉన్న ప్రతి బండి ముందూ గొంతుక్కూర్చుని కడుపు కిందకి తొంగి చూశారు. నేల నుంచి ఎంత ఎత్తుంది, సైలెన్సర్ ఎటు తిరిగింది, ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య అట్లకాడ పట్టే సందు ఉందా లేదా. దుకాణం ఆయన నన్ను చూసి, నా ఎత్తు చూసి, పొట్టి బండ్ల వైపు చెయ్యి చాపాడు. నా ఎత్తు ఐదడుగులు, అదీ చెప్పులేసుకుంటే.

నాకున్న అనుమానం ఒకటే. ముప్పై కిలోమీటర్లు తారు రోడ్డు మీద పోయేదాన్ని, ఆరు కిలోమీటర్ల మట్టి కోసం ఈ గట్టి సీటు మీద నడుం విరగ్గొట్టుకోవాలా అని. అదే అడిగాను.

"తారు ఎక్కువ కదా అని తారు బండి కొనమాక" అన్నారాయన. "తారు మీద ఏ బండైనా సర్దుకుపోద్ది. నువ్వు ఏడ్చేది ఆ ఆరు కిలోమీటర్లలోనే. దానికోసం కొనుక్కో."

తర్వాత, ఎంచిన బండిని మెల్లగా వంచి నేల మీద పడుకోబెట్టేశారు. దుకాణం ఆయన లబోదిబోమన్నాడు. కొనకముందే పడాలండి, కొన్నాక పడితే బాధ అని ఆయనకి సర్దిచెప్పి, నా వైపు తిరిగారు. బండికి వీపు పెట్టు. హ్యాండిల్ ఇటు తిప్పి ఒక చేత్తో పట్టుకో, రెండో చెయ్యి సీటు వెనక కడ్డీకి. నడుంతో లేపకు, కాళ్ళతో లేపు. వెనక్కి అడుగులేసుకుంటూ పో. ఇంత చెప్పి చేతులు వెనక్కి కట్టుకున్నారు. మొదటిసారి కదల్లేదు. రెండోసారి సగం లేచి మళ్ళీ కూలబడింది, నేనూ దానితోపాటే. ఒక చెయ్యి వెయ్యండి బాబాయ్‌గారూ అన్నాను.

"నేను చెయ్యేస్తే నువ్వు లేపినట్టు కాదు. గట్టు మీద నేనుండను."

కోపం వచ్చింది. ఆ కోపంతోనే మూడోసారి లేపాను. పక్కనున్న పెద్ద బండి మాత్రం ఎంత కోపం తెచ్చుకున్నా లేవలేదు. అలా నా బండేదో తేలిపోయింది.

కానీ సీటు ఎత్తు. ఒక్క కాలు కూడా నిండుగా ఆనటం లేదు. బండిని కిందకి దించితే గట్టు తగులుద్దని, సీట్లు కుట్టే ఆయన దగ్గరకి తీసుకెళ్ళి లోపలి స్పాంజి కోయించారు. నాలుగుసార్లు ఎక్కించి దించారు. టేపు పెట్టి సీటు మీంచి మడమ దాకా నా కాలు కొలవమని ఆ సీటాయనకి చెప్పి, ఆ కొలత జేబులో ఉన్న సీసా లేబుల్ వెనక రాసుకున్నారు. "రెండు కాళ్ళూ అందక్కర్లేదు. ఒకటి గట్టిగా ఆనితే రెండోది గాల్లో ఉన్నా మనిషి పడడు" అన్నారు. బండి పుచ్చుకున్నాక టిఫిన్ చేద్దాం రండి అంటే, చీకటి పడేలోపు రేపల్లె చేరాలని వెళ్ళిపోయారు. అప్పుడు టైము పన్నెండున్నర.

ఆ తర్వాత రెండేళ్ళు నేను బండి మీదే తిరిగాను. తెనాలిలో ఆరింటికి బయల్దేరితే వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లె ఊరి మొదట్లో టీ బడ్డీ దగ్గర ఆయన నిలబడి ఉండేవారు. బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చునేవారు కాదు. బండి ట్యాంకు మీద మోచెయ్యి ఆనించి, టీ గ్లాసు చల్లారేదాకా పట్టుకునేవారు. మేం మాట్లాడుకునేది టైర్ల గురించి, చైను గురించి, నిన్న ఏ గట్టు తెగిందన్న దాని గురించి. ఒకసారి నా గుబ్బల టైర్లు తారు మీద దారిపొడుగునా రొద చేస్తున్నాయని గొడవపెట్టుకున్నాను. ఆయన ఆలోచించి, "పోనీలే, ఏదో ఒకటి మాట్లాడుతోందనుకో" అన్నారు. మర్నాటి నుంచీ నాకు ఆ రొద రొదలా వినపడలేదు.

నిజాంపట్నం అవతల సముద్రం పక్కనుంచి ఒక దారి ఉందని చెప్పేవారు. ఇసక, సరుగుడు తోటలు, మధ్యలో సముద్రంలో కలిసే పాయ ఒకటి. సముద్రం వెనక్కి తగ్గిన పూట పాయ మోకాలి లోతే ఉంటుందట, దాటితే బాపట్ల వైపు తేలొచ్చట. ఆయన ఎన్నోసార్లు పాయ దాకా వెళ్ళారు. అన్నిసార్లూ అక్కడ ఆగి వెనక్కి వచ్చేశారు. ఒకళ్ళు ముందు నడిచి లోతు చూడాలి, ఒకళ్ళు బండి పట్టుకోవాలి, దానికి ఇద్దరుండాలి అనేవారు. అన్నీ ఒక్కళ్ళమే చేసుకోగలగాలని లోకమంతటికీ చెప్పే మనిషి, ఆ పాయ దగ్గర మాత్రం ఇద్దరనేవారు. చెప్పినప్పుడల్లా కొంచెం సిగ్గుపడేవారు.

రెండో ఏడు చలికాలం మంచుకి తడిసిన గడ్డి మీద జారిపడ్డాను. బండి లేపాను, లేపాకే తెలిసింది మణికట్టు చిట్లిందని. కట్టు కట్టారు. నెలరోజులు రైల్లో రేపల్లె వచ్చి లాబ్‌లోనే కూర్చునే పని ఇచ్చారు. ఒక శుక్రవారం ఆయన సీసాలు దింపి, నా బల్ల దగ్గరకొచ్చి, నా వైపు కాకుండా కట్టు వైపు చూస్తూ మాట్లాడారు.

"ఎల్లుండి ఆదివారం మధ్యానం పాయ బాగా తగ్గుద్ది. నీ చెయ్యెటూ పనికిరాదు కాబట్టి నువ్వు నడిచి లోతు చూద్దువుగాని. బండి నేను పట్టుకుంటా. నా వెనక కూర్చుని వచ్చెయ్."

అలాగే బాబాయ్‌గారూ అన్నాను. సంతోషంగానే అన్నాను. నన్ను ఎక్కడికైనా రమ్మని ఎవరైనా పిలిచి చాలా కాలమైంది.

ఆయన వెళ్ళాక రికార్డులు రాసే ఆవిడ పెన్ను ఆపి, నవ్వుతూ, "ఏంటి, ఆదివారాలు కూడానా?" అంది. అంతే. ఆ తర్వాత మళ్ళీ రాసుకుంటూ కూర్చుంది. ఆవిడ చెడ్డ మనిషి కూడా కాదు, నాకు రెండు మూడుసార్లు అన్నం కేరేజీలోంచి పంచిపెట్టింది. కానీ శనివారమంతా ఆ నవ్వు నా వెంటే తిరిగింది. మొగుణ్ణి వదిలేసిన మనిషి, పెళ్ళాం వదిలేసిన మనిషి, ఒకే బండి మీద, నిజాంపట్నం రోడ్డు మీద. ఆ రోడ్డులో మమ్మల్ని ఎరగని చెరువు లేదు. ఆయన మీద నాకు ఆవగింజంత అనుమానం లేదు. నా భయమంతా చూసేవాళ్ళ గురించి. ఇప్పుడు ఆలోచిస్తే ఆ చూసేవాళ్ళలో ఒక్కరి మొహం కూడా గుర్తు రావటం లేదు.

ఆదివారం పొద్దున ఇంటికి చుట్టాలొచ్చారని మెసేజ్ పెట్టాను. సరే అమ్మా అని జవాబు వచ్చింది. ఆ రోజంతా నా వాటాలో నేనొక్కదాన్నే తలుపు వేసుకుని కూర్చున్నాను.

సోమవారం సీసాలు దింపటానికి వచ్చినప్పుడు, "చుట్టాలు వెళ్ళారా?" అని అడిగారు. వెళ్ళారండి అన్నాను. నా ఇంటికి చుట్టాలెవరూ రారని ఆయనకి తెలుసు. తెలిసే అడిగారు, కోపంతో కాదు, నా అబద్ధం నిలబడటానికి ఒక చెయ్యి వేశారు. అది నేను భరించలేకపోయాను. ఆఫీసులో ఆయన బండి పెట్టే షెడ్డు వైపు వెళ్ళటం మానేశాను. బాపట్లలో కొత్త లాబ్ పెడుతున్నారంటే అడిగి మరీ మార్పించుకున్నాను. రైలు సుఖం కదా బాబాయ్‌గారూ అని చెప్పాను. "రైలు మంచిదేలే. పడితే లేపే పని లేదు" అన్నారు. నా గట్టు బండి అమ్మేశాను. ఆయన ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. నిన్న చేసిందే మొదటిది, అదీ బండి కోసం.

ఇవాళ ఆదివారం. పొద్దున రైలెక్కి రేపల్లె వెళ్ళాను. ఎందుకు వెళ్ళావంటే చెప్పలేను. పలకరించటానికి అక్కడ ఎవరూ లేరు. ఆయన ఉన్న గదిలో అప్పుడే వేరేవాళ్ళు దిగారు, వాకిట్లో ముగ్గు కూడా ఉంది. ఇక మిగిలింది ఆయన బండి బాగుచేసే ఖాజా మేస్త్రి షెడ్డు ఒక్కటే. అక్కడికి నడిచాను.

బండి అక్కడే ఉంది, ఓ మూల. పోవటానికి మూడు రోజుల ముందు చైను మార్చమని ఇచ్చి వెళ్ళారట. ఎక్కడి నుంచో బంధువు ఒకాయన వచ్చి గదిలో సామాను సర్దుకుని, బండి ఎవరికైనా అమ్మెయ్యమని చెప్పి పోయాడట. ఇంత ఎత్తు బండి ఎవరూ కొనటం లేదండి అన్నాడు ఖాజా. గోనెసంచులు, ఐస్ బాక్సు తీసేసి ఉన్నాయి. అట్లకాడ మాత్రం హ్యాండిల్ కింద అలాగే ఉంది. నేను దాన్ని ముట్టుకోవటానికి వంగాను. అప్పుడు కనిపించాయి, వెనక ఫుట్‌రెస్టులు.

బండంతా గీతలే, ట్యాంకు మీద రంగు పోయి రేకు బయటపడింది. ఈ రెండింటి మీది నల్లరబ్బరు మాత్రం ఎవరూ కాలు పెట్టనట్టు కొత్తగా ఉంది. ఇవెప్పటివి అని ఖాజాని అడిగాను.

"అవాండి? అయ్యి పెట్టి ఏడాది పైనే అయింది. ఓ శనివారం పట్టుకొచ్చి బిగించమన్నారు. రేపు వెనకాల మనిషి కూర్చోవాలన్నారు. బాక్సు విప్పించి సీటు కూడా తుడిపించారు. నేను మామూలు చోటే బిగించబోతే వద్దన్నారు. అక్కడ పెడితే కాళ్ళు అందవు, వేలాడతాయి, ఇసకలో నడుం పట్టేసుద్దన్నారు. జేబులోంచి లేబులు తీసి కొలత చూపించారు. మూడంగుళాలు పైకి వెల్డింగ్ చేయించామండి. ఎవరో పొట్టి మనిషంట..." అంటూ నా వైపు చూసి, మాట ఆపేశాడు.

తర్వాత తీసెయ్యమనలేదా అని అడిగాను.

"నేనే అడిగానండి, బరువు కదా తీసేద్దామా అని. రెండు మూడుసార్లు అడిగా. ఉండనియ్ అన్నారు."

గోనెసంచుల వెనక ఏడాదిపాటు ఉండిపోయాయన్న మాట. నేను ఆఫీసు షెడ్డు వైపు వెళ్ళి ఉంటే ఆ సోమవారమే చూసేదాన్ని. ఏడుపు ఆగలేదు. ఖాజా ఒక ఇనప స్టూలు తుడిచి వేసి, కూర్చోండమ్మా అన్నాడు.

నేను స్టూలు మీద కూర్చోలేదు. బండి స్టాండు మీదే ఉంది, ముందు సీటు మీదకి ఎక్కి చూశాను. నా మునివేళ్ళు కూడా నేలకి అందలేదు. పడితే లేపటం నా వల్ల అయ్యే పని కాదు, అది చూస్తేనే తెలుస్తోంది. ఆయన మూడు ప్రశ్నల్లో రెండింటికి ఇది నా బండి కాదు. ఆయనుంటే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, దిగమ్మాయ్, తెనాలిలో ఆ సన్న బండి పడుకోబెట్టి లేపి చూడు అనేవారు. రేపు వెళ్ళి ఆ పనే చేస్తాను.

దిగాను. మళ్ళీ ఎక్కాను, ఈసారి వెనక. చూసుకోకుండానే కాళ్ళు రెండూ ఫుట్‌రెస్టుల మీదకి వెళ్ళాయి. నిండుగా ఆనాయి. మోకాళ్ళు ఎక్కడ వంగాలో అక్కడ వంగాయి, నడుం మీద బరువు లేదు. ఇన్నేళ్ళలో ఏ బండీ నాకింత సరిగ్గా కుదరలేదు. ముందు సీటు ఆయన కూర్చున్న మేరకి కొంచెం గుంట పడి ఉంది.

బండి కొందామని ఎక్కానో, ఊరికే ఎక్కానో ఖాజాకి తెలియలేదు.

"అమ్మా, మీరక్కడ కూర్చుంటే మరి నడిపేదెవరండి?" అన్నాడు.

మధ్యాహ్నం అవుతోంది. పాయ తగ్గే వేళ ఇవాళ ఎన్నింటికో, ఆయనైతే చెప్పేవారు. నేను దిగకుండా అలాగే కూర్చున్నాను.